గాజుగుండుకు నీడ

మంగళగిరి సాలీల పేటలో పాండురంగయ్య అంటే వెంటనే ఎవరికీ గుర్తురాడు. కప్ప పాండురంగం అంటే మాత్రం ముసలివాళ్ళు ఇప్పటికీ ముసిముసిగా నవ్వుతారు. పదేళ్ళ వయసులో తండ్రి అతన్ని మొదటిసారి మగ్గం దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడివన్నీ గుంట మగ్గాలు. నేసేవాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగునున్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పాండురంగం ఆ చీకట్లోకి కాళ్ళు దించాడో లేదో, చల్లనిదేదో పాదం మీదకు గెంతింది. పాము కరిచిందని పేటంతా అదిరిపోయేలా అరిచాడు. నోట్లో వేపాకు కుక్కి చేదుందా లేదా అని అడిగారు. మంత్రం వేసేవాడి కోసం మనిషిని పరిగెత్తించారు. తీరా లాంతరు పట్టుకుని చూస్తే, గుంటలో ఓ మూల బోదురుకప్ప బిక్కచచ్చి కూర్చుని ఉంది. కప్ప మర్నాటికి కోలుకుంది. పాండురంగం మాత్రం కోలుకోలేదు.

ఆ తర్వాత అతను మళ్ళీ గుంటలో కాలు పెట్టలేదు. తిట్టారు, బతిమాలారు, ఒకసారి తండ్రి ఎత్తుకుని తీసుకెళ్ళి దించబోతే గుంజ పట్టుకుని వదల్లేదు. సాలె ఇంట పుట్టి మగ్గమెక్కని వాడికి మిగిలేది వీధిలో పని. పడుగు నూలు బారుగా పరిచి గంజి పెట్టడం, ఎండ ముదిరేలోగా దాన్ని తడిమి తడిమి ఆరబెట్టడం. అది అతనికి బాగా నచ్చింది. ఎండలో దాక్కునేది ఏదీ ఉండదు కదా. పురుగైనా పామైనా పట్టపగలు ఎదురుగా కనబడుతుంది, పారిపోవడానికి వీలుంటుంది.

అతనికి ఇచ్చి చేసిన మేనమామ కూతురు హనుమాయమ్మ అలా కాదు. తేలును చీపురుతో కొట్టి, అదే చీపురుతో ఊడ్చి అవతల పారేసేది. "మా బావ తన నీడ చూసి తనే జడుసుకుంటాడమ్మా" అని నూతి దగ్గర అందరితోనూ అనేది. కోపంతో అనేది కాదు. ఇంటాయన సన్నగా ఉంటాడనో పొడుగ్గా ఉంటాడనో చెప్పినంత తేలిగ్గా అనేసేది. పాండురంగయ్యకు అదే గుచ్చుకునేది. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు, ఉన్న మాటను ఉన్నట్టు అంటే ఏం చెబుతాడు?

అతని ఉద్యోగం కూడా ఎండ వల్లే వచ్చింది. బెజవాడలో బందరు కాలువ ఒడ్డున ఒక సర్కారు పొలం ఉండేది. వరి వంగడాలు పెంచి చూసే చోటు. అక్కడి ఆఫీసరు భావనారాయణగారు మంగళగిరి కొండకు వచ్చి, మిట్టమధ్యాహ్నం వీధిలో చొక్కా కూడా లేకుండా పడుగు సర్దుతున్న ఇతన్ని చూశారు. "ఎండంటే భయం లేదా?" అని అడిగారు. "అదొక్కటే లేదండి" అన్నాడు పాండురంగయ్య. ఆయన నవ్వి, పనిలో పెట్టుకున్నారు. మొగుడూ పెళ్ళాం కాపురం బెజవాడకు మార్చారు.

పని మేడ మీద. అక్కడ ఎండ కొలిచే సాధనాలు రెండుండేవి. ఒకటి గాజు గొట్టంలో బిగించిన నల్లబుడ్డి థర్మామీటరు. సూటిగా పడే ఎండ ఎంత వేడిదో అది చెబుతుంది. రెండోదే అసలుది. కొబ్బరికాయకన్నా చిన్నది, లోపల డొల్ల లేని నిండు గాజుగుండు. ఇత్తడి దోనెలో కూర్చుని ఉంటుంది. దాని వెనక ఒక నీలి అట్టముక్క దూర్చి పెడితే, సూర్యుడు నడిచినంత మేరా గుండు ఆ అట్టను గీతగా కాలుస్తుంది. ఎండ చురుగ్గా ఉంటే అట్ట తెగేలా కాలుతుంది, మందకొడిగా ఉంటే ఊరికే కమురుతుంది, మబ్బు పడితే గీత ఆగిపోతుంది. పొద్దున అట్ట పెట్టడం, పొద్దుగూకాక తియ్యడం, గుండును మెత్తని గుడ్డతో తుడవడం. పాండురంగయ్య పని అంతే.

మొదటిరోజు అట్టలోంచి పొగ లేవగానే అతను మెట్ల మీంచి దొర్లినంత పని చేసి కిందికొచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్యకు వణుకుతూ చెప్పాడు. "హనుమా, అది ఎండని తాగుద్దే. తాగి తాగి కడుపు నిండితే పేలుద్దంట."

పేలుద్దని అతనికి ఎవరూ చెప్పలేదు. అది భయం పుట్టించిన మాట. నెల తిరక్కుండానే అదంతా వట్టిదని, అది రాయిలాంటి గాజని, అందులో ఎండ నిలవుండదని తెలిసిపోయింది. కాని ఈలోగా ఒక విచిత్రం జరిగింది. హనుమాయమ్మ నూతి దగ్గర మాట మార్చింది. "మా బావ చేసే పని మీ మొగుళ్ళెవరికైనా చేతనవుద్దా? రోజూ పేలే గుండు పక్కన నిలబడతాడు" అంది. ఆ మాట చెవిన పడ్డాక ఇక నిజం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పుట్టాక మొదటిసారి తన పేరు పక్కన ధైర్యం అనే మాట వినబడింది. దాన్ని చేతులారా తుడిచేసుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

ఆ అబద్ధం ఊరికే పోలేదు. కొండ మీద నరసింహస్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడని మంగళగిరిలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. ఆ కొండ కడుపులో నిప్పుందని, పానకమే దాన్ని చల్లారుస్తోందని పెద్దలంటారు. అంత కొండను చల్లార్చేదానికి గాజుగుండు ఒక లెక్కా అనుకుంది హనుమాయమ్మ. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా కొండెక్కి పానకం పోయించి, మిగిలిన ప్రసాదం చెంబుతో తెచ్చి, గుండు మీద నాలుగు చుక్కలు చల్లమని ఇచ్చేది. పాండురంగయ్య మేడ మెట్ల మీద కూర్చుని దాన్ని తానే తాగి, చల్లానని చెప్పేవాడు.

ఇలా ఏళ్ళు గడిచాక యుద్ధం వచ్చింది. నలభై రెండు ఏప్రిల్లో విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. బెజవాడలో జనం సామాన్లు సర్దుకుని దొరికిన బండెక్కి పోవడం మొదలుపెట్టారు. పాండురంగయ్య హనుమాయమ్మను మంగళగిరి పంపేశాడు. తను ఉండిపోయాడు. ఉండాలని కాదు, వెళ్తానని ఆఫీసరుగారిని అడగడానికి భయమేసి.

అన్నేళ్ళూ అతనికి భయం లేని చోటంటూ ఉంటే అది ఆ మేడే. ఇప్పుడు అదీ పోయింది. ఆకాశంలో గద్ద తిరిగినా గోడకు అతుక్కుపోయేవాడు. కింద రోడ్డు మీద జనం మేడ వైపు వేలు పెట్టి చూపిస్తున్నారు. ఆ పైన ఏదో తళుక్కున మెరుస్తోందట, అది జపానువాడికి దారి చూపిస్తోందట. ఒకరోజు ఎవరో రాయి విసిరారు. అది నల్లబుడ్డి థర్మామీటరుకు తగిలి గొట్టం భళ్ళున పగిలింది. పాండురంగయ్య గాజుగుండును కడుపులో దాచుకుని గోడవార ముడుచుకుని కూర్చున్నాడు.

మర్నాడు భావనారాయణగారు ఆఫీసు కాగితాలు లారీకెక్కించి, తానూ ఎక్కబోతూ అతన్ని పిలిచారు.

"పాండురంగం, గుండును మీ ఊరు తీసుకుపో. వెలుతురు తగలని చోట దాచు. అది పగిలితే ఇంకోటి రాదు, సీమ నుంచి ఓడలే రావడం లేదు. ఇంకోమాట. ఇదేమిటో ఎవరికీ చెప్పకు. వాన, గాలి, ఎండ, వీటి సంగతులు శత్రువుకు తెలియకూడదని సర్కారు ఉత్తరువు. చెబితే జైలే."

"ఎండ సంగతాండీ?"

"ఎండ సంగతే."

నెత్తి మీద అందరికీ కాసే ఎండ రహస్యం ఎలా అయిందో పాండురంగయ్యకు అర్థం కాలేదు. జైలు మాత్రం బాగా అర్థమైంది. చీరల మూటలు దింపి మంగళగిరి తిరిగిపోతున్న బండివాడితో ఇంటికి కబురు పెట్టాడు. "గుండు తీసుకుని రేపు మధ్యాహ్నం రైలుకు వస్తున్నానని చెప్పు. హనుమకు తెలుసులే."

రైలు కిటకిటలాడుతోంది. గుండును హనుమాయమ్మ పాత నల్లచీర ముక్కలో మూటకట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. కృష్ణ వంతెన దాటుతున్నంతసేపూ కళ్ళు మూసుకున్నాడు. ఆ వంతెన మీదే మొదటి బాంబు పడుతుందని బెజవాడంతా చెప్పుకుంటున్నారు. వంతెన దాటాక కళ్ళు తెరిచి, ఇక గండం గడిచిందనుకున్నాడు. పాపం, అలా అనుకోవడం అతనికి అలవాటు లేదు. అలవాటు లేని పని చేస్తే ఏమవుతుందో మంగళగిరి స్టేషన్లో తెలిసింది.

పక్క పట్టాల మీద మిలటరీ రైలు ఆగి ఉంది. ప్లాట్‌ఫారం పొడుగునా తుపాకులతో సిపాయిలు. దిగినవాళ్ళ సామాన్లు చూస్తున్న కానిస్టేబులు మరియదాసు ఇతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏమయ్యా, మూటలో ఏంటి?"

ఎండ కొలిచేదని చెప్పకూడదు. చెబితే జైలు. అబద్ధం చెబుదామంటే నాలుక పైకి అంటుకుపోయింది. ఆ నోటికి రోజూ అలవాటైన మాట ఒక్కటే బయటికొచ్చింది.

"గుండండీ."

తెలుగులో గుండు అంటే గుండ్రంగా ఉండే రాయి, కొండకెళ్ళి గీయించుకునే తల, ఫిరంగిలోంచి వచ్చేది. కాకినాడలో బాంబులు పడిన వారానికి, సిపాయిల మధ్య, కాళ్ళూ చేతులూ వణుకుతున్న మనిషి చేతుల్లో ఉన్నది వీటిలో ఏదో మరియదాసు ఆలోచించుకోనక్కర్లేకపోయింది. వెనక్కి గెంతాడు. "బాంబు!" అని ఎవరో అరిచారు. ప్లాట్‌ఫారం మీది జనం ఒకరి మీద ఒకరు పడుతూ గేటు వైపు పరిగెత్తారు. సిపాయిల తుపాకులన్నీ ఒక్కసారి పాండురంగయ్య వైపు తిరిగాయి. వాళ్ళ జమాదారు ఏదో భాషలో గట్టిగా అరిచాడు.

మరియదాసు దూరంగా ఒక స్తంభం చాటునుంచి దాన్ని తెలుగు చేశాడు. "మూట ముడి విప్పు! నెమ్మదిగా కింద పెట్టు! పెట్టి దూరం జరుగు! మళ్ళీ కదిలావో, కాల్చేస్తారంట!"

పాండురంగయ్య విప్పాడు. పెట్టాడు. దూరం జరిగాడు. చెప్పిన పని చెప్పినట్టు చేయడంలో అతన్ని మించినవాడు లేడు. కాని పెట్టిన చోట నిండా ఎండ. పొద్దు పడమటికి వాలుతున్నా ఏప్రిల్ ఎండ, పగ్గం వదిలిన ఎండ. కింద మడతలు పడి నల్లగుడ్డ. గాజుగుండు ఇన్నేళ్ళుగా రోజూ చేసిన పనే మొదలుపెట్టింది.

సన్నగా పొగ లేచింది.

జనం గొల్లుమన్నారు. గేటు దగ్గర తొక్కులాట. సిపాయిలు నేల మీద బోర్లా పడుకుని గురిపెట్టారు. ఆ గురి గుండు మీదో తన మీదో పాండురంగయ్యకు తెలియలేదు. ఒక్కటి తెలుసు, ఆ పొగ ఆగకపోతే తను బాంబు పేల్చిన జపాను మనిషే. కదిలితే కాలుస్తారు. కదలకపోతే పొగ పెద్దదవుతుంది, అప్పుడూ కాలుస్తారు. కళ్ళ ముందు పేట, మగ్గం గుంట, కప్ప, అన్నీ తిరిగాయి. కదలకుండా ఉండిపోదామనే అతను నిశ్చయించుకున్నాడు. కాళ్ళు వినలేదు. ఇన్నేళ్ళుగా, అక్కర్లేని చోట పొగ లేస్తే గుండుకూ సూర్యుడికీ మధ్యన అడ్డంపడటం వాటికి అలవాటు. నడిచి వెళ్ళి, గుండుకు పడమటి వైపున నిలబడిపోయాయి.

అతని నీడ గుండు మీద పడింది.

పొగ సన్నబడింది. కాలుతున్న అంచు మాత్రం ఇంకా ఎర్రగా పాకుతోంది. జమాదారు మళ్ళీ అరిచాడు, కాని కాల్చమనలేదు. మనిషి వెళ్ళి నిలబడితే పొగ తగ్గే బాంబును అతనూ ఎప్పుడూ చూసి ఉండడు. పాండురంగయ్యకు ఏడుపొచ్చింది. కాళ్ళు గడగడా వణుకుతున్నాయి. అవి వణికితే నీడా వణుకుతోంది. అసలే సన్నపాటి మనిషి, వణికినప్పుడల్లా పంచె పక్కనుంచి ఎండ జారి గుండుకు తగులుతోంది, తగిలినప్పుడల్లా మళ్ళీ పొగ వస్తోంది. కూర్చుంటే నీడ వెడల్పవుతుంది. కూర్చుంటే కాలుస్తారేమో. తన నీడ తనకే చాలకపోయిన మనిషి అతనొక్కడే అయి ఉంటాడు.

"బావా!"

గేటు దగ్గర జనమంతా బయటికి తోసుకుంటుంటే, ఒక్క మనిషి లోపలికి తోసుకొస్తోంది. హనుమాయమ్మ. చేతిలో చెంబు. గుండు వస్తోందని కబురు అందగానే పొద్దున్నే కొండెక్కి పానకం తెచ్చి, రైలు కోసం కాచుకుని ఉంది.

"రావొద్దే! తుపాకులున్నాయే!" అని అరిచాననుకున్నాడు పాండురంగయ్య. గొంతు పెగల్లేదు.

మరియదాసు స్తంభం చాటునుంచే, "అమ్మా, ఆగు! అది పేలుద్ది!" అన్నాడు.

"నాకు తెలుసులేవయ్యా, నువ్వు చెప్పేదేంటి!" అని ఆమె ఆగకుండా వచ్చింది. తుపాకుల ముందునుంచే వచ్చి, వంగి, చెంబెడు పానకం గుండు మీద, కాలుతున్న గుడ్డ మీద ధారగా పోసింది. చుయ్యిమని చప్పుడయింది. తర్వాత లేచి, మొగుడి పక్కన భుజం ఆనించి నిలబడి, పైట రెండు చేతులతో పట్టుకుని పరదాలా చాచింది. రెండు నీడలు కలిసి గుండు మీద పడ్డాయి. పొగ పూర్తిగా ఆగిపోయింది. భుజం ఆనిన వైపునుంచి పాండురంగయ్యకు ఇంకో వణుకు తెలిసింది. ఆమె కూడా వణుకుతోంది. హనుమాయమ్మ వణకడం అతను అదే మొదటిసారి చూడటం.

ఎంతసేపు నిలబడ్డారో వాళ్ళకు తెలియదు. ముందుగా మరియదాసే స్తంభం వదిలి వచ్చాడు. అతనిది పక్కనున్న తాడేపల్లి, పానకం సంగతి తెలిసినవాడు. బాంబు మీద ఎవరూ ప్రసాదం పోయరనుకున్నాడో ఏమో. జమాదారు వెనకే వచ్చి తుపాకి మొనతో గుండును కదిపాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మరియదాసు.

సర్కారు రహస్యం. చెబితే జైలు. పాండురంగయ్య నోరు తెరిచేలోపే హనుమాయమ్మ స్టేషనంతా వినబడేలా చెప్పేసింది. "ఎండని తాగుద్దండీ! సర్కారోళ్ళది!"

జమాదారు నమ్మినట్టు కనిపించలేదు. ఇద్దర్నీ పక్కకు జరగమని సైగచేసి, గుండు వెనక తన అరచెయ్యి పెట్టి చూశాడు. మరుక్షణం చెయ్యి విదిలించుకుంటూ ఎగిరాడు. పడుకున్న సిపాయిలు పకపకా నవ్వారు. ఆఖరికి జమాదారు కూడా నవ్వాడు. వెళ్ళమని చెయ్యి ఊపాడు, కాలని చెయ్యి.

పాండురంగయ్య వంగి గుండును ఎత్తబోతే వేళ్ళకు పట్టు చిక్కలేదు. హనుమాయమ్మే దాన్ని సగం కాలిన ఆ నల్లగుడ్డలో చుట్టి చంకనెత్తుకుంది. పేట దాకా అడుగులు నిండుకుండ మోస్తున్నంత మెల్లగా వేసింది. అలా ఎందుకు నడుస్తోందో సగం దారిలో అతనికి తట్టింది. అది ఏ క్షణాన్నయినా పేలుతుందనే ఆమె నమ్మకం. పేలుతుందని నమ్మే వచ్చింది. నమ్మే ఇప్పుడు చంకలో మోస్తోంది. తుపాకుల ముందు కూడా పడనంత సిగ్గు పడ్డాడు పాండురంగయ్య.

ఇంట్లో వెలుతురు సోకని చోటు ఒక్కటే. తండ్రి పోయాక ఖాళీగా ఉన్న మగ్గం గుంట. అతను అంచున నిలబడి లోపలికి చూశాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా దిగాడు. కింద మట్టి చల్లగా ఉంది. కిందికి చూడకుండా మెడ పైకెత్తి రెండు చేతులూ చాచాడు. హనుమాయమ్మ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని గుండును జాగ్రత్తగా అందించబోయింది.

"హనుమా, అది పేలదే."

ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాకు మొదటి నెల్లోనే తెలుసు. నీకు చెప్పలేదు. నువ్వు నూతి దగ్గర గొప్పగా చెబుతుంటే, చెప్పబుద్ధి కాలేదు."

హనుమాయమ్మ గుండు వైపు చూసింది, అతని వైపు చూసింది. "అయితే ఇన్నేళ్ళూ నాచేత అన్ని మెట్లెక్కించి పానకాలు మోయించావా?"

"మోయించాను."

"ఆ పానకం ఏంచేశావు?"

"తాగాను."

ఆమె ముఖంలో కోపం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. పాండురంగయ్య అడగాల్సింది అడగకుండా ఉండలేకపోయాడు. "పేలుద్దనుకునే వచ్చావు కదే. ఎందుకొచ్చావు?"

"ఎందుకొచ్చావంటావేంటి? నువ్వక్కడ నిలబడ్డావుగా బావా."

అంతే అంది. పాండురంగయ్య గుంటలో నిలబడి, గుండును గుండెకు హత్తుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఏడవనిచ్చింది. కాసేపయ్యాక, "కింద కప్పేమన్నా ఉందా? ఉంటే చెప్పు, నేను దిగుతా" అంది.

"ఉంటే ఉందిలే" అన్నాడు అతను, ఇంకా వణుకుతూనే.